నాన్నగారి పేస్‌మేకర్ లీడ్ (గుండెకి వెళ్లే వైరు) తెగింది, పాతది తీయించాలా, వదిలేయాలా?

మా నాన్నగారికి 74 ఏళ్లు. 2012లో పేస్‌మేకర్ పెట్టారు. ఈమధ్య కళ్లు తిరిగి పడిపోతే చెక్ చేయించాం. బ్యాటరీ బాగానే ఉందట. లీడ్ ఇంపెడెన్స్ (కరెంటుకి అడ్డు) మాత్రం విపరీతంగా పెరిగింది, కాలర్ ఎముకకీ మొదటి పక్కటెముకకీ మధ్య నలిగి లోపలి తీగ తెగిందన్నారు. ఇన్‌ఫెక్షన్ లేదు. ఇప్పుడు తాత్కాలిక పేసింగ్ (బయటి పరికరంతో గుండె కొట్టుకునేలా చేయడం) మీద ఆస్పత్రిలోనే ఉన్నారు.

పాతది అలాగే వదిలేసి పక్కన కొత్తది వేద్దామని ఒక డాక్టరు, లేజర్‌తో తీసేద్దామని ఇంకొకరు అంటున్నారు. ఇన్నేళ్లలో లీడ్ సిరకీ గుండె గోడకీ అతుక్కుపోతుంది, తీసేటప్పుడు చిరిగే ప్రమాదం ఉందట. నా టెన్షన్ అంతా అదే. వదిలేస్తే సిర మూసుకుపోతుందేమోనన్న భయమూ ఉంది.

ఈ వయసులో మీ ఇంట్లో ఎవరికైనా పాత లీడ్ తీయించారా? ఆ సమయంలో గుండె సర్జన్ అక్కడే సిద్ధంగా ఉన్నారా? హైదరాబాద్‌లో ఇవి తరచూ చేసే డాక్టరును ఎలా కనుక్కున్నారు? దయచేసి చెప్పండి.