నొప్పి మీద పేపర్లు చదవడం, రాయడం మీరెలా నేర్చుకున్నారు?

సింధు_న్యూరో: పీహెచ్‌డీ మొదటి ఏడాది. దీర్ఘకాలిక నొప్పి మీద వచ్చిన పరిశోధనలపై రివ్యూ రాయాలి. చదివేటప్పుడు అంతా అర్థమైనట్టే ఉంటుంది. రాయడానికి కూర్చుంటే అబ్‌స్ట్రాక్ట్‌లో వాక్యాలే చేతికొస్తాయి. ఏది ముందు చదవాలి? నోట్స్ ఎలా రాసుకోవాలి? స్టాటిస్టిక్స్ ఎంత రావాలి?

కృష్ణాతీరం: 1965 మెల్జాక్–వాల్ పేపర్ తీయండి. గేట్ కంట్రోల్, అంటే నొప్పి సంకేతానికి వెన్నుపాములో ఒక గేటు లాంటిది ఉంటుందన్న సిద్ధాంతం. పాత సిద్ధాంతాలు ఎక్కడ ఆగిపోయాయో ముందు చూపించి, ఆ తర్వాతే తమ బొమ్మ పెడతారు. వాదన కట్టడం నేను అక్కడే నేర్చుకున్నాను.

ల్యాబ్‌రాట్: కొత్తవాళ్లకి అది చెప్పకండి దయచేసి. ఆ బొమ్మలోని నరాల సర్క్యూట్ వివరాలు తర్వాత నిలబడలేదు. మా ల్యాబ్‌లో ఒకమ్మాయి దాన్ని ఉన్నదున్నట్టు రాసి సెమినార్‌లో చీవాట్లు తింది.

కృష్ణాతీరం: నిలబడనివి ఆ వివరాలు. నొప్పి సంకేతం వెన్నుపాములోనే తగ్గగలదు, పెరగగలదు అన్నది నిలబడింది కదా! రెండూ కలిపి కొట్టిపారేస్తే ఎలా?

ల్యాబ్‌రాట్: ఆ తేడా రాసేవాళ్లు ఎంతమంది? ఒకరి సైటేషన్ ఇంకొకరు ఎత్తిపెట్టడమే. అసలు పేపర్ తెరిచేదెవరు?

కృష్ణాతీరం: అందుకే కదండీ తెరవమంటున్నాను!

డోర్సల్‌హార్న్: ఇద్దరూ కాస్త ఆగండి. నా పోస్ట్‌డాక్ అంతా వెన్నుపాము మీదే, జర్నల్స్‌కి రివ్యూ చేస్తుంటాను. వచ్చే మాన్యుస్క్రిప్టుల్లో జబ్బు ఒకటే: "ఎలుకకు నొప్పి తగ్గింది" అని రాస్తారు. కొలిచిందేమిటి? పాదం అడుగున వాన్ ఫ్రే ఫిలమెంట్ అనే సన్నటి పోగు వంగేదాకా నొక్కితే ఎంత బలం దగ్గర కాలు వెనక్కి తీసుకుందో, అది. మందు మత్తుకి కదల్లేకపోయినా కాలు తీయదు. రోటారాడ్ పరీక్ష (తిరిగే కడ్డీ మీద ఎలుక పడిపోకుండా నడవగలదా అని) చేశారా లేదా ముందు చూడండి.

మైగ్రేన్_మాధవి: కొలవలేకపోతే నొప్పి లేనట్టేనా? స్కాన్ నార్మల్, ఇంటికెళ్లమ్మా అనే మాట విని విని విసిగిపోయాను. మనిషి తనకు నొప్పి అని చెబితే గౌరవించాలని నొప్పి అధ్యయన అంతర్జాతీయ సంఘం ఐఏఎస్‌పీ 2020లో ఇచ్చిన నిర్వచనం నోట్స్‌లోనే ఉంది.

డోర్సల్‌హార్న్: మేడమ్, నేనన్నది ఎలుకల గురించి.

మైగ్రేన్_మాధవి: చెప్పుకోలేనంత మాత్రాన మనిషికైనా జంతువుకైనా నొప్పి లేదనలేమని కూడా అక్కడే ఉంది సార్.

రవి_డేటా: మగవా ఆడవా అని ఒక్కరూ అడగరేం? 2015లో నేచర్ న్యూరోసైన్స్ పేపర్ చూడండి. వెన్నుపాములోని మైక్రోగ్లియా అనే రోగనిరోధక కణాలను అడ్డుకుంటే మగ చిట్టెలుకల్లో స్పర్శకు అతిసున్నితత్వం తగ్గింది, ఆడవాటిలో తగ్గలేదు. మెథడ్స్‌లో "మేల్" అన్న మాట దాటేసి రాసిన రివ్యూ దేనికి పనికొస్తుంది? నా నోట్స్ ఒక పట్టిక: జాతి, సెక్స్, గాయం మోడల్, కొలిచిందేమిటి, రచయితలు చెప్పిందేమిటి. చివరి రెండు గడులూ ఎక్కడ కలవవో అక్కడి నుంచి నా పేరా మొదలవుతుంది. ఇక అబ్‌స్ట్రాక్ట్ వాక్యాలు రమ్మన్నా రావు.

సింధు_న్యూరో: ఇవాళే మొదలుపెడతాను రవిగారూ. స్టాటిస్టిక్స్?

రవి_డేటా: ముందు n, అంటే శాంపిల్ సంఖ్య, దేన్ని లెక్కపెట్టిందో చూడండి. 3 ఎలుకల నుంచి 30 న్యూరాన్లు రికార్డు చేసి n=30 అని టీ-టెస్ట్ వేస్తే ఆ పి-విలువను నమ్మకండి.

ల్యాబ్‌రాట్: అలాగైతే సగం స్లైస్ పేపర్లు (కణజాలం పలచటి ముక్కల్లో న్యూరాన్లను రికార్డు చేసినవి) పక్కన పెట్టాలి!

డోర్సల్‌హార్న్: అక్కర్లేదు. ఒకే ఎలుక న్యూరాన్లను ఒక గుంపుగా లెక్కలోకి తీసుకునే మిక్స్‌డ్ మోడల్ వాడారేమో చూడండి.