రిటైరయ్యాక కీబోర్డ్: రికార్డెడ్ పాఠాలా, లైవ్ క్లాసులా?

అందరికీ నమస్కారం. ఈమధ్యే రిటైరయ్యాను. ఎప్పట్నుంచో మనసులో ఉన్న కీబోర్డ్ వాయించడం ఆన్‌లైన్‌లో నేర్చుకుందామనుకుంటున్నాను. 61 మీటలది ఇంట్లోనే ఉంది (మనవరాలు వదిలేసింది), మొదలుపెట్టడానికి అది చాలు.

అసలు సందేహం ఇదీ. రికార్డెడ్ కోర్సయితే నా వీలు చూసుకుని, యూట్యూబ్‌లో అయితే వేగం 0.75కి తగ్గించుకుని, ఒకే ముక్కను ఎన్నిసార్లయినా తిప్పి చూడొచ్చు. కానీ మణికట్టు వంగిపోతోందనో, బొటనవేలు తప్పు చోట పడుతోందనో చెప్పేవాళ్లుండరు. వేళ్ల అలవాటు ఒకసారి గట్టిపడితే మార్చుకోవడం కష్టం కదా! లైవ్ క్లాసులో ఆ దిద్దుబాటు దొరుకుతుంది గానీ, నెట్‌లో శబ్దం కాస్త ఆలస్యంగా చేరుతుంది కాబట్టి గురువుగారితో కలిసి వాయించడం కుదరదు. ఆయన ఆపాక మనం అందుకోవాల్సిందే. పైగా నేను అడిగిన చోట ఏడాది ఫీజు ముందే కట్టమన్నారు, అది నాకు నచ్చలేదు.

అరవై దాటాక ఇలా నేర్చుకున్నవాళ్లెవరైనా ఉన్నారా? రికార్డెడ్ పాఠాలతోనే సాగుతూ, నెలకోసారి ఎవరికైనా వాయించి చూపించుకుంటే సరిపోతుందా? పొద్దున్నే వేళ్లు బిగుసుకుపోయేవాళ్లు సాధన ఎప్పుడు, ఎంతసేపు చేస్తున్నారో కూడా చెప్పండి. స్వరలిపి చదవడం మొదట్నుంచే పట్టుకోవాలా, కొన్నాళ్లు ఆగొచ్చా?