అప్‌డేట్: ప్రయోగాత్మక షార్ట్ ఫిల్మ్‌కి నేపథ్య సంగీతం పూర్తయింది

సంగీతం నేర్చుకోని నేను, డైలాగులు దాదాపు లేని 12 నిమిషాల ప్రయోగాత్మక షార్ట్ ఫిల్మ్‌కి సంగీతం ఎలా మొదలుపెట్టాలి అని అడిగాను కదా, అది పూర్తయింది, నిన్ననే చివరి వెర్షన్ డైరెక్టర్‌కి పంపాను.

"కీబోర్డ్ పక్కన పెట్టి ముందు సినిమాని సౌండ్ లేకుండా చూడు" అన్న సలహా నిజంగా కాపాడింది. నాలుగుసార్లు చూసి సంగీతం ఎక్కడ మొదలవ్వాలో, ఎక్కడ ఆగాలో టైమ్‌కోడ్‌తో (ఎన్నో నిమిషం, ఎన్నో సెకను అని) రాసుకుంటే, సగానికి పైగా సినిమాకి సంగీతమే అక్కర్లేదని తేలింది!

తర్వాత ఇనుప గేటు కిర్రుమనే చప్పుడు ఫోన్‌లో రికార్డ్ చేసి వేగం సగానికి తగ్గించాను. అలా చేస్తే నిడివి రెట్టింపవుతుంది, శ్రుతి సరిగ్గా ఒక స్థాయి (ఆక్టేవ్, అంటే ఒక స నుంచి కింది స దాకా) కిందికి దిగుతుంది. ఇంకోసారి సగం చేశాక అది గేటు అని ఎవరూ పోల్చుకోలేరు, ఏదో పెద్ద జంతువు మూలుగుతున్నట్టు ఉంటుంది, దాని కింద తంబూరా శ్రుతిలా ఒకే స్వరం పెడితే మూడు సీన్లు దాని మీదే నడిచాయి. నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే.

దెబ్బతిన్నది ఒక్కచోట. నా ప్రాజెక్ట్ శాంపిల్ రేట్ (శబ్దాన్ని సెకనుకి ఎన్నిసార్లు కొలిచి నమోదు చేస్తుందో ఆ లెక్క) 44.1 కిలోహెర్ట్జ్, ఎడిటింగ్ ప్రాజెక్ట్‌ది 48. మార్చకుండా పంపితే నా ఫైల్ అక్కడ వేగంగా పరిగెత్తి, శ్రుతి దాదాపు ఒకటిన్నర సెమీటోన్ (కీబోర్డ్‌లో ఒక మెట్టుకీ దాని పక్క మెట్టుకీ ఉండే తేడా) పైకి పోయింది. కారణం తెలిసేదాకా రెండు రాత్రులు టెన్షనే. మొదటిసారి చేసేవాళ్లు దయచేసి ఈ సంగతి మొదటిరోజే ఎడిటర్‌ని అడగండి.

డైరెక్టర్ ఒకే మార్పు అడిగారు, చివరి షాట్‌లో సంగీతం తీసేసి ఖాళీ గది శబ్దం మాత్రం ఉంచమని. తీసి చూశాను, నాకూ అదే నచ్చింది.