ఎనిమిది నెలల్లో డిశ్చార్జ్: ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం), ఉద్యోగ కోటా, పెన్షన్‌లో ముందు ఏది?

ప్రశ్న:
హవల్దార్, సర్వీసు 17 ఏళ్లు, వయసు 36, చదువు పదో తరగతి. ఇంటికొచ్చాక జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్తే అన్నీ అక్కడే అయిపోతాయా? బ్యాంకు క్లర్కు పోస్టుకు ఇప్పుడే దరఖాస్తు పెట్టొచ్చా?

జవాబు 1:
అన్నీ అక్కడ కావు సార్. మాజీ సైనికుల గుర్తింపు కార్డు, ఉద్యోగాల రిజిస్ట్రేషన్ మాత్రం అక్కడే. అసలు పని యూనిట్‌లో ఉండగానే చేసుకోవాలి. భార్యాపిల్లల పేర్లు, పుట్టిన తేదీలు సర్వీసు రికార్డులోనూ ఆధార్‌లోనూ ఒక్కలా ఉన్నాయో లేదో చూడండి. మనవాళ్లకు ఇంటిపేరు దగ్గరే చిక్కు: ఒకచోట పొడి అక్షరం, ఇంకోచోట పూర్తిపేరు. ఆ తేడాతో ఈసీహెచ్‌ఎస్ కార్డు ఆగుతుంది, రేపు కుటుంబ పెన్షన్‌కూ అదే అడ్డు. ఇప్పుడైతే పార్ట్ టూ ఆర్డర్‌తో (సర్వీసు రికార్డులో మార్పులకు యూనిట్ ఇచ్చే ఉత్తర్వు) సరిచేయించుకోవచ్చు. బయటికొచ్చాక రికార్డ్ ఆఫీసుకు ఉత్తరాల మీద ఉత్తరాలు రాయాలి. ఈసీహెచ్‌ఎస్ చందా హవల్దార్‌కు 30,000 రూపాయలు, ఒక్కసారే.

జవాబు 2:
ఏడాదిలోపు డిశ్చార్జ్ అయ్యేవారు ఇప్పుడే దరఖాస్తు పెట్టొచ్చు. కమాండింగ్ ఆఫీసర్ సర్టిఫికెట్ జతచేయాలి. వయోపరిమితి లెక్కకు 36లోంచి సర్వీసు 17, పైన ఇంకో 3 తీసేస్తే 16. వయసు బెంగ అక్కర్లేదు. ప్రభుత్వ బ్యాంకుల క్లర్కు పోస్టుల్లో మాజీ సైనికుల కోటా 14.5 శాతం (ఇందులో 4.5 శాతం వికలాంగులైన మాజీ సైనికులకు, యుద్ధ చర్యల్లో మరణించినవారి కుటుంబాలకు). 15 ఏళ్లు నిండాయి కాబట్టి డిగ్రీ లేకున్నా ఆర్మీ స్పెషల్ సర్టిఫికెట్ ఆఫ్ ఎడ్యుకేషన్ ఉంటే చాలు.

చాలామంది దెబ్బతినేది ఒక్కచోట. కోటాలో ఒక సివిల్ ఉద్యోగంలో చేరితే మళ్లీ కోటా అడగలేరు. చేరకముందే వేరేచోట్ల దరఖాస్తులు పెట్టి ఉంటే, చేరిన వెంటనే వాటి వివరాలు, తేదీలతో కొత్త ఆఫీసుకు రాతపూర్వకంగా ఇవ్వండి. 2014 నాటి ఉత్తర్వు ప్రకారం అప్పుడు తర్వాతి ఉద్యోగానికీ కోటా నిలుస్తుంది. రసీదు మాత్రం తప్పకుండా తీసుకోండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్స్ అన్నా. పెన్షన్ 50 శాతం కమ్యూట్ చేయమంటారా (ఆ భాగాన్ని ముందే ఒకేసారి సొమ్ముగా తీసుకోవడం)?

జవాబు 1:
పెద్ద వడ్డీ అప్పుంటే చేయండి. కారు కొనడానికైతే వద్దు. తగ్గిన భాగం 15 ఏళ్లకు గానీ తిరిగి రాదు. డీఆర్ (పెన్షన్ మీద ఇచ్చే కరువు భృతి) మాత్రం పూర్తి పెన్షన్ మీదే లెక్కేస్తారు, అది తగ్గదు. స్పర్శ్‌లో (రక్షణ శాఖ పెన్షన్ల ఆన్‌లైన్ పోర్టల్) ఏటా లైఫ్ సర్టిఫికెట్ మర్చిపోయారో, పెన్షన్ ఆగిపోతుంది.