మన పిల్లలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ గ్రోత్ చార్ట్ సరిపోతుందా?

బాపట్ల అమ్మ: మా పాపకు ఏడాది నిండింది. పుట్టినప్పుడు 2.3 కిలోలు, ఇప్పుడు 6.8. అంగన్‌వాడీలో తూచి, కార్డులోని గ్రోత్ చార్ట్‌లో పసుపు రంగులో, అంటే తక్కువ బరువులో, పడిందన్నారు. ఏడాదికి పుట్టిన బరువుకు మూడింతలైతే చాలంటుంది మా అత్తయ్య. నాకేమో టెన్షన్‌గా ఉంది.

హన్మకొండ నాన్న: ఆ చార్ట్ విదేశీ పిల్లల కోసం గీసిందండీ. మనవాళ్ల ఒడ్డూ పొడుగూ వేరు. పట్టించుకోకండి.

సబ్‌సెంటర్ నర్సు: అన్నా, పట్టించుకోవద్దని మాత్రం చెప్పకండి. 2006లో వచ్చిన ఆ ప్రమాణాల కోసం బ్రెజిల్, ఘనా, ఇండియా, నార్వే, ఒమన్, అమెరికాల్లో పిల్లలను కొలిచారు. మన దేశం నుంచి దక్షిణ ఢిల్లీ పిల్లలున్నారు. తల్లిపాలు, మంచి తిండి, వైద్యం అందిన చోట అయిదేళ్లలోపు పిల్లల ఎత్తు ఆరు దేశాల్లోనూ దాదాపు ఒకేలా పెరిగింది.

మూడింతల లెక్క 3 కిలోలతో పుట్టిన బిడ్డకు సరే. 2.3తో పుట్టిన పాపకు అదే పెట్టుకుంటే 6.9 దగ్గరే సరిపెట్టుకుంటాం. ఏడాది ఆడపిల్ల 7 కిలోలకు తగ్గితే తక్కువ బరువే.

అమ్మా, చార్ట్‌లో ఒక్క చుక్కకే భయపడకండి. పాత నెలల బరువులు చెప్పండి. నెలలు నిండకముందే పుట్టి ఉంటే, రెండేళ్ల వరకు ఆ వారాలు తీసేసి వయసు లెక్కించాలి. పొడవు పడుకోబెట్టి కొలిపించండి. జబ్బ చుట్టుకొలత 12.5 సెంటీమీటర్లకు తగ్గిందా? పట్టుకుని నిలబడుతోందా? పేరు పిలిస్తే తిరుగుతోందా?

పిల్లల వార్డు సిస్టర్: ఆ ఢిల్లీ పిల్లలు డబ్బున్న ఇళ్లవాళ్లు. తరాలుగా చాలని తిండితో పెరిగిన పొట్టి తల్లికి పుట్టిన బిడ్డ ఒక్క తరంలో ఆ ఎత్తు ఎలా అందుకుంటుంది? పసుపు కనబడగానే "నువ్వు సరిగ్గా పెట్టడం లేదు" అని తల్లిని నిలదీస్తున్నారు, అది అన్యాయం. అయిదేళ్లు దాటాక ఐఏపీ (దేశంలోని పిల్లల డాక్టర్ల సంఘం) వాళ్ల 2015 చార్టులు ఉన్నాయి కదా. చిన్నపిల్లలకూ మన సొంతవి రావాలి.

సబ్‌సెంటర్ నర్సు: తల్లిని తిట్టడం తప్పే సిస్టర్. తల్లి ఎత్తు కూడా అడిగి రాసుకోవాలి, ఒప్పుకుంటాను. చార్ట్‌లో గీతనే కిందికి దించితే మాత్రం నిజంగా పెరుగుదల ఆగిన పిల్లలు మన కళ్లకు కనబడరు.

బాపట్ల అమ్మ: నెలలు నిండే పుట్టింది. పట్టుకుని నిలబడుతుంది, పిలిస్తే చూస్తుంది. జబ్బ 12.8. తొమ్మిది నెలలు నిండినప్పుడు 6.7 ఉంది, అప్పుడు ఆకుపచ్చలోనే. మధ్యలో రెండుసార్లు విరేచనాలయ్యాయి.

సబ్‌సెంటర్ నర్సు: మూడు నెలల్లో 100 గ్రాములే పెరిగిందంటే, వచ్చే నెల దాకా ఆగకండి. ఈ వారమే పిల్లల డాక్టరుకు చూపించండి, కార్డు తీసుకెళ్లండి, రక్తహీనత పరీక్ష అడగండి. పాలు మాన్పించకండి. పప్పన్నంలో నెయ్యి వేసి, గుడ్డు కలిపి, రోజుకు మూడు నాలుగు సార్లు పెట్టండి.

పిల్లల వార్డు సిస్టర్: ఈ పాప విషయంలో నా మాటా అదే. వెంటనే చూపించండమ్మా.