కష్టంలో ఉన్నప్పుడు కొత్త పుస్తకాలు కొనడం ఓదార్పా, డబ్బులు తగలేయడమా?

రాత్రి డ్యూటీ:
అమ్మకి కీమో నడుస్తోంది. ఆస్పత్రిలో పగలు వదిన ఉంటుంది, రాత్రిళ్లు నేను. పదకొండు దాటాక వార్డులో లైట్లు తగ్గించేస్తారు, సెలైన్ స్టాండు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఫోన్‌లో పుస్తకాలు చూస్తూ చూస్తూ ఒకటో రెండో ఆర్డర్ పెట్టేస్తాను. కథలు, కవిత్వం, ఓసారి పక్షుల మీద పుస్తకం కూడా. చాలావాటికి పార్సిల్ టేపు కూడా కొయ్యలేదు. మొన్న అన్నయ్య హాల్లో ఆ గుట్ట చూసి "స్కానింగ్‌కి డబ్బులు సర్దలేక చస్తుంటే నీకీ సోకులేంటి" అన్నాడు. నా జీతంలోంచి కొంటున్నాను, అమ్మ ఖర్చులో నా వాటా ఒక్క రూపాయి తగ్గించలేదు. అయినా ఆ మాట గుచ్చుకుంది. మీరేమంటారు? చిరిగిన చొక్కా తొడుక్కునైనా పుస్తకం కొనుక్కోమన్న సూక్తి మాత్రం దయచేసి పెట్టకండి, లైబ్రరీ గోడల మీద చూసి చూసి విసుగెత్తింది.

లెక్కల మాస్టారు:
మీ అన్నయ్య మాట కటువుగా ఉంది గానీ తప్పు కాదమ్మా. ఆరోగ్యశ్రీలో కీమో కవరైనా బయటికి రాసే టెస్టులు, ఆటోలు, తోడున్నవాళ్ల భోజనాలు అన్నీ జేబులోంచే పోతాయి, అది ఎప్పటికి తెములుతుందో డాక్టరుకే తెలియదు. అలాంటప్పుడు మిగిలిన ప్రతి రూపాయీ పక్కన పెట్టాలి. పైగా మీరు చదవడం లేదు. టేపు కొయ్యని పుస్తకం ఓదార్పు ఎలా అవుతుంది? అర్ధరాత్రి ఫోన్ పట్టుకుని బటన్ నొక్కితే వచ్చే తృప్తి అది, ఇంకొకరు అదే టైముకి బిర్యానీ చెప్పుకుంటారు. అంతగా కావాలంటే డిసెంబర్‌లో ఎన్టీఆర్ స్టేడియంలో పుస్తక ప్రదర్శన వస్తుంది, డిస్కౌంటూ ఉంటుంది. ఆగండి.

గోదారి గట్టు:
డిసెంబర్ దాకా ఆగితే ఆ పుస్తకం ఉంటుందా మాస్టారూ? తెలుగులో ఐదొందలో వెయ్యో కాపీలు వేస్తారు, అయిపోయాక మళ్లీ వేస్తారన్న గ్యారంటీ ఎవరికీ లేదు. తర్వాత చూద్దాంలే అని నేను వదిలేసినవాటి కోసం ఇప్పుడు తెలిసినవాళ్లందరినీ అడుక్కుంటున్నాను. ఇంకోటి, కొన్నవాళ్లు వెంటనే చదవాలని రూలేమీ లేదు. మనసు బాగాలేనప్పుడు పేజీ మీద కన్ను నిలవదు, అదే పేరా నాలుగుసార్లు చదివినా ఏమీ ఎక్కదు. అప్పుడు కొనడం ఒక్కటే చేతనవుతుంది. చదివే బుద్ధి తిరిగొచ్చినప్పుడు అవి ఇంట్లో ఉంటాయి కదా.

పాతపుస్తకాల పిచ్చి:
కొత్తవే ఎందుకసలు? ఆదివారం పొద్దున్నే ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీదకి వెళ్లండి, కాకపోతే కోఠి. ఒక్క కొత్త పుస్తకం డబ్బుతో సంచీ నింపుకోవచ్చు, నాలుగడుగులు నడిచినట్టూ ఉంటుంది. లైబ్రరీ అయితే అదీ అక్కర్లేదు. మనం కట్టే ఇంటిపన్ను మీద రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు పడుతోంది, ఆ డబ్బు వాడుకోండి.

రాత్రి డ్యూటీ:
@పాతపుస్తకాల పిచ్చి, ఆదివారం పొద్దున నేను నిద్రపోతూ ఉంటానండి, పేరు చూశారుగా. చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్తే కుర్చీలన్నీ గ్రూప్స్‌కి చదివేవాళ్లతో నిండి ఉంటాయి, వాళ్లని అనేదేమీ లేదు, వాళ్ల కష్టం వాళ్లది. పాతవాటితో నాకింకో ఇబ్బంది ఉంది. ఎవరో గీసిన గీతలు, మొదటి పేజీలో "ప్రేమతో" అని రాసి కిందో సంతకం, లోపల మడత పెట్టిన బస్సు టికెట్టు. మామూలు రోజుల్లో అవే నాకు సరదా. ఇప్పుడు మాత్రం ఇంకొకరి జీవితం మోసే ఓపిక లేదు. ఎవరూ ముట్టుకోనిది కావాలనిపిస్తోంది.

చీరల బీరువా:
ఇందాకటి నుంచి చదువుతున్నాను, ఒక్కరూ అడగలేదు కాబట్టి నేనే అడుగుతాను. ఈ అమ్మాయి పుస్తకాల బదులు చీరలు కొనుంటే గోదారి గట్టు గారు ఇలాగే వెనకేసుకొచ్చేవారా? మామగారు చనిపోయిన ఏడాది మా అత్తగారు కాటన్ చీరలు కొన్నారు. కట్టుకునేవారు కాదు, మడత విప్పి, చూసుకుని, మళ్లీ పెట్టేసేవారు. ఇంటిల్లిపాదీ నవ్వారు, "ఈ వయసులో ఎవరికోసం" అన్నవాళ్లూ ఉన్నారు. అదే పని పుస్తకాలతో చేస్తే సంస్కారం, అభిరుచి, ఇంకా ఏవో పెద్ద మాటలు. పుస్తకానికి జీఎస్టీ లేదు, చీరకి 5 శాతం ఉంది, నాకు కనిపించే తేడా అంతే. రెండూ తప్పనండి, లేదా రెండూ తప్పు కాదనండి.

నా ఓటు రెండోదానికి. ఎవరి డబ్బు వాళ్లది, అప్పు చేయనంతవరకు.

గోదారి గట్టు:
చీరల గారూ, చీర పాతబడుతుంది, పుస్తకం పాతబడదు.

చీరల బీరువా:
మా ఇంట్లో పుస్తకాలకి చెదలు పట్టింది, చీరలు బానే ఉన్నాయి.

డాలస్ బాబాయ్:
నేను ఇక్కడి నుంచి తెలుగు పుస్తకాలు తెప్పించుకోవాలంటే ధర కంటే పోస్టు ఖర్చే ఎక్కువ, అందుకని ఎవరు ఇండియా నుంచి వస్తున్నా వాళ్ల సూట్‌కేసులో 23 కిలోల్లో ఆవకాయతో పోటీపడి నా పుస్తకాలు రావాలి. 2020 మార్చిలో ఫ్లైట్లు ఆగిపోయాయి, గుంటూరులో నాన్నకి ఒంట్లో బాగాలేదు, వెళ్లే దారి లేదు. డెలివరీలు మళ్లీ మొదలయ్యాక గుంటూరు అడ్రసుకే నాకోసం పుస్తకాలు ఆర్డర్ పెట్టేవాణ్ణి, ఎప్పుడు చేతికొస్తాయో తెలియకుండానే. చదవడం గురించి కాదు మాస్టారూ, అప్పట్లో నేను ఎదురుచూసేవన్నీ భయపెట్టేవే: ఆక్సిజన్ రీడింగు, డాక్టర్ ఫోను, వీసా ఆఫీసు మెయిలు. పార్సిల్ ఒక్కటే అలా కాదు. హైదరాబాద్ దాటింది, విజయవాడ చేరింది, రేపు వస్తుంది అని చూపిస్తుంది, రేపు వస్తుంది కూడా. ఇంట్లో మా చెల్లెలు దాన్ని బల్ల మీద పెట్టి ఫోటో పంపేది. ఆ పూటకి అది చాలు. ఆస్పత్రిలో రిపోర్టు కోసం కూర్చున్న మనిషికి తప్పకుండా వచ్చేది ఒకటి కావాలి, అది రెండొందల యాభై రూపాయల్లో దొరికితే చవకే.

లెక్కల మాస్టారు:
డాలస్ నుంచి డాలర్లలో చూస్తే అన్నీ చవకేనండి. సరే, ఎదురుచూపు సంగతి నేను ఆలోచించలేదు, ఒప్పుకుంటాను, కానీ నా లెక్క మారదు. నెలకి ఇంత అని ముందే అనుకుని అంతలోనే కొనాలి, క్రెడిట్ కార్డు మీద కొనకూడదు, ఆస్పత్రి బిల్లు కట్టే వారం అసలు ముట్టుకోకూడదు.

రాత్రి డ్యూటీ:
కార్డు వాడట్లేదండి. నెలకి ఇంత అన్నది ఆలోచిస్తాను, మానడం మాత్రం మానను. చీరల బీరువా గారి పోస్టు వదినకి ఫార్వర్డ్ చేశాను, అన్నయ్యకి ఆవిడే చదివి వినిపిస్తుందట.

చీరల బీరువా:
వినిపించమనండి. మాస్టారూ, మీ మూడు రూల్సూ ఏడాదికో కొత్త సెల్‌ఫోన్ మార్చే మగవాళ్లకి కూడా వర్తిస్తాయా, లేక పుస్తకాలకీ చీరలకేనా?