హ్యాకింటాష్ పెట్టేటప్పుడు భద్రతా అమరికలన్నీ ఆపేయాలా?

కొత్తబోర్డు
అందరికీ నమస్కారం. పదో తరం ఐ5 ఉన్న డెస్క్‌టాప్‌ను హ్యాకింటాష్ చేసుకుంటున్నాను, అంటే ఆపిల్‌ది కాని కంప్యూటర్‌లో ఓపెన్‌కోర్ అనే బూట్ ప్రోగ్రాముతో మ్యాక్‌ఓఎస్ సొనోమా పెట్టుకుంటున్నాను. ఎక్స్‌కోడ్ (ఆపిల్ యాప్‌లు రాసే సాధనం) నేర్చుకోవాలి, ఇప్పట్లో మ్యాక్ కొనే స్తోమత లేదు. ఇన్‌స్టాలేషన్ సగం వరకు బాగానే నడిచింది. రీస్టార్ట్ అయ్యాక బూట్ మెనూలో డిస్కును ఎంచుకోగానే "ఓసీబీ: లోడ్‌ఇమేజ్ ఫెయిల్డ్ - సెక్యూరిటీ వయొలేషన్" అని ఒక వరుస కనిపించి మళ్లీ మెనూకే వస్తోంది. నేను చూసిన ఒక వీడియోలో సెక్యూర్‌బూట్‌మోడల్ (బూట్ ఫైళ్ల సంతకం చూసేది), ఎస్‌ఐపీ (సిస్టమ్ ఫైళ్లను మార్చనివ్వనిది), గేట్‌కీపర్ (తెలియని యాప్‌లను అడ్డుకునేది) అన్నీ ఆపేయమన్నారు. ఆపేస్తే ఫరవాలేదా?

స్టూడియోసాయం
ఆపేయండి. సెక్యూర్‌బూట్‌మోడల్ దగ్గర డిజేబుల్డ్, డీఎంజీలోడింగ్ దగ్గర ఎనీ, వాల్ట్ దగ్గర ఆప్షనల్, స్కాన్‌పాలసీ 0, ఎస్‌ఐపీ విలువ ఉండే సీఎస్ఆర్-యాక్టివ్-కాన్ఫిగ్ దగ్గర ఎఫ్ఎఫ్ 0ఎఫ్ 00 00. ఈ ఐదూ పెట్టి ఎన్‌వీరామ్ (మదర్‌బోర్డులో అమరికలు దాచే మెమరీ) రీసెట్ చేయండి, లేచి కూర్చుంటుంది. కొన్నేళ్లుగా పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్లకు ఇవే అమరికలతో చేసి ఇస్తున్నాను. ఆపిల్ భద్రత ఆపిల్ యంత్రాల కోసం. మన మదర్‌బోర్డులో ఆపిల్ భద్రతా చిప్ టీ2 లేనప్పుడు ఆ తంతు మనకెందుకు?

పాతమానిటర్
బయోస్‌లో సెక్యూర్ బూట్ కూడా ఆపాలి, మరిచిపోకండి. అదే డిస్కులో విండోస్ 11 ఉండి బిట్‌లాకర్ పనిచేస్తుంటే ముందు రికవరీ కీ రాసి పెట్టుకోండి. నేను ఆపిన మరుసటి బూట్‌కే విండోస్ ఆ కీ అడిగింది.

బిట్‌లెక్క
కొత్తబోర్డు గారూ, ఆగండి. మీకు కనిపించిన సందేశానికి కారణం ఒక్కటే. దానికోసం ఐదు తలుపులు తీయనవసరం లేదు.

ముందుగా ఇక్కడ రెండు వేర్వేరు విషయాలు కలిసిపోతున్నాయి. బయోస్‌లో ఉండే సెక్యూర్ బూట్ వేరు, ఓపెన్‌కోర్‌లో సెక్యూర్‌బూట్‌మోడల్ పేరుతో ఉండే ఆపిల్ సెక్యూర్ బూట్ వేరు. మొదటిది ఓపెన్‌కోర్‌నే లోపలికి రానివ్వదు. మీకు ఓపెన్‌కోర్ మెనూ కనిపించింది కాబట్టి మీ గొడవ మొదటిది కాదు. రెండోది మ్యాక్‌ఓఎస్ బూట్ ఫైలును ఆపిల్ సంతకంతో సరిపోల్చి చూస్తుంది. ఆ సంతకాల మానిఫెస్ట్ ఫైళ్లు ప్రీబూట్ విభాగంలో ఉండాలి. ఇన్‌స్టాలేషన్ సమయంలో మ్యాక్‌ఓఎస్‌లోని ఒక లోపం వల్ల అవి అప్పుడప్పుడు అక్కడికి చేరవు. అవి లేకపోయినా, పాతబడినా వచ్చేది మీరు చూసిన వరుసే.

చేయవలసింది ఇది. సెక్యూర్‌బూట్‌మోడల్ ఒక్కదాన్నే తాత్కాలికంగా డిజేబుల్డ్ చేసి బూట్ అవ్వండి. తర్వాత అదే వెర్షన్ తాజా ఇన్‌స్టాలర్‌ను పైనుంచి మళ్లీ నడపండి. లేదా యూఎస్ఆర్, స్టాండలోన్, ఐ386 ఫోల్డరులో ఉన్న మానిఫెస్ట్‌లను ప్రీబూట్‌లో మీ సిస్టమ్ కోర్‌సర్వీసెస్ ఫోల్డరులోకి కాపీ చేయండి. ఆపైన తిరిగి డీఫాల్ట్ పెట్టండి. డీఎంజీలోడింగ్ సైన్డ్‌గానే ఉండాలి. ఆపిల్ సెక్యూర్ బూట్ నడుస్తుండగా అక్కడ ఎనీ పెడితే బూట్ ఆగిపోతుందని ఓపెన్‌కోర్ పుస్తకంలోనే రాసి ఉంది.

స్కాన్‌పాలసీ, వాల్ట్ విషయంలో స్టూడియోసాయం గారు చెప్పింది సరైనదే. నమూనా ఫైలులో స్కాన్‌పాలసీ 17760515 అని ఉంటుంది, దానివల్ల కొన్ని డిస్కులు మెనూలో కనిపించవు. వాల్ట్ సెక్యూర్‌గా వదిలేస్తే వాల్ట్ ఫైలు ఏదని అడిగి అక్కడే నిలిచిపోతుంది. ఇక ఎస్‌ఐపీని అసలు ముట్టుకోకండి.

స్టూడియోసాయం
ముట్టుకోకపోతే కెక్స్ట్‌లు (కెర్నెల్‌కు జతచేసే డ్రైవర్లు) ఎలా ఎక్కుతాయి? లిలు, వాటెవర్‌గ్రీన్, ఆపిల్‌ఏఎల్‌సీ, వీటిలో ఏ ఒక్కదానికీ ఆపిల్ సంతకం లేదు.

బిట్‌లెక్క
ఇది క్లోవర్ అనే పాత బూట్ ప్రోగ్రాము కాలం నాటి అలవాటు. అప్పట్లో కెక్స్ట్‌లను సిస్టమ్ డిస్కులోని లైబ్రరీ ఫోల్డరులోనే పడేసేవారు. 2015లో ఎల్ కాపిటాన్‌తో ఎస్‌ఐపీ వచ్చి ఆ ఫోల్డరుకు అడ్డుపడింది కాబట్టి ఆపవలసి వచ్చేది. ఓపెన్‌కోర్ ఆ పని చేయదు. కెర్నెల్ మొదలుకాకముందే మెమరీలో కెక్స్ట్‌లను జతచేసి పంపుతుంది. డిస్కులో ఒక్క బైటు మారదు. నా యంత్రంలో మీరు చెప్పిన మూడూ ఉన్నాయి, సీఎస్ఆర్ విలువ 00 00 00 00. టెర్మినల్‌లో సీఎస్ఆర్‌యుటిల్ స్టేటస్ అడిగితే ఎనేబుల్డ్ అనే చెబుతుంది.

స్టూడియోసాయం
మీ యంత్రంలో వైఫై కార్డు ఏది? అది చెప్పండి ముందు.

ఉదయరాగం
ఇదే సందర్భంలో నాదొక ప్రశ్న. నేను కాన్ఫిగ్‌లో ఎస్‌ఐపీ విలువ మార్చాను, సేవ్ చేశాను, రీస్టార్ట్ చేశాను. స్టేటస్ మాత్రం పాతదే చూపిస్తోంది. ఎందుకు?

బిట్‌లెక్క
ఉదయరాగం గారూ, ఎన్‌వీరామ్‌లో ఆ పేరుతో ఒక విలువ ఇప్పటికే ఉంటే యాడ్ విభాగం దాన్ని చెరిపి రాయదు. డిలీట్ విభాగంలో 7సీ436110తో మొదలయ్యే పద్దు కింద సీఎస్ఆర్-యాక్టివ్-కాన్ఫిగ్ పేరును కూడా చేర్చండి. అప్పుడు ప్రతి బూట్‌లోనూ పాతది పోయి మీరు రాసింది వస్తుంది.

స్టూడియోసాయం గారూ, నాది ఇంటెల్ కార్డు.

స్టూడియోసాయం
చూశారా! ఇంటెల్ కార్డు పెట్టుకుని కూర్చుని అందరికీ నీతులు చెబుతున్నారు. నా దగ్గరకు వచ్చే యంత్రాల్లో బ్రాడ్‌కామ్ 94360 కార్డులు ఉంటాయి. ఇన్నాళ్లూ హ్యాకింటాష్‌కు అదే మేలైన కార్డని అందరూ చెబితే కొనుక్కున్నారు. 2023లో సొనోమా రాగానే ఆపిల్ దాని డ్రైవర్లను పీకేసింది. ఇప్పుడు వైఫై రావాలంటే ఓపెన్‌కోర్ లెగసీ ప్యాచర్‌తో సిస్టమ్ విభాగంలోకి ఆ డ్రైవర్లను తిరిగి చేర్చాలి. దానికి ఎస్‌ఐపీ తగ్గించాలి, సెక్యూర్‌బూట్‌మోడల్ ఆపాలి. ఇది నా ఇష్టం కాదు, ఆ ప్యాచర్ షరతు. పెళ్లిళ్ల సీజన్లో కెమెరామన్ ఫోను నుంచి ఎయిర్‌డ్రాప్‌లో క్లిప్పులు పంపుతాడు. ఇంటెల్ కార్డుతో ఎయిర్‌డ్రాప్ వస్తుందా? రాదు. వాళ్లకు మీ 00 00 00 00 ఎందుకు పనికివస్తుంది?

బిట్‌లెక్క
ఎస్‌ఐపీ విలువగా ఆ ప్యాచర్ అడిగేది 803, మీరు పెట్టే ఎఫ్ఎఫ్ 0ఎఫ్ 00 00 అంటే ఎఫ్ఎఫ్ఎఫ్, రెండూ హెక్స్ అంకెల్లో. ఈ రెంటికీ ఎంత దూరమో ఎప్పుడైనా లెక్కవేశారా? 803 అంటే మూడే బిట్లు: 1, 2, 800. ఒకటి సంతకం లేని కెక్స్ట్‌లకు, రెండు రక్షిత ఫైళ్లలో రాయడానికి, 800 మ్యాక్‌ఓఎస్ బిగ్ సర్‌తో వచ్చిన సిస్టమ్ ముద్ర (సిస్టమ్ మారలేదని చూపేది) లేకుండా బూట్ అవడానికి. కాన్ఫిగ్‌లో బైట్లు తిరగేసి 03 08 00 00 అని రాస్తాం, అంతే. మీరు ఎఫ్ఎఫ్ఎఫ్ పెట్టినప్పుడు ఇంకో తొమ్మిది బిట్లు తెరుస్తున్నారు. 4 తెరిస్తే రూట్ హోదా (పూర్తి అధికారం) దొరికిన ప్రోగ్రాము సిస్టమ్ ప్రాసెస్‌లనూ పట్టి చూడవచ్చు. 10 అనేది ఆపిల్ తన సొంత ఇంజినీర్ల కోసం పెట్టుకున్న బిట్. పెళ్లి వీడియో ఎడిట్ చేసే మనిషికి అది దేనికి?

స్టూడియోసాయం
సిస్టమ్ ముద్రే పోయాక మిగతా బిట్ల లెక్క ఎవరికి కావాలి? గోడ పడిపోయిన ఇంట్లో కిటికీ గడియల గురించి మాట్లాడుతున్నారు.

వరండా
బిట్‌లెక్క గారూ, మీ 803లో 2 కూడా ఉంది కదా. కెమెరా, మైకు, డాక్యుమెంట్ల అనుమతులు దాచే టీసీసీ పట్టికను కాపాడేది అదే. అది తెరిస్తే రూట్ హోదా ఉన్న ప్రోగ్రాము తనకు తానే అనుమతి ఇచ్చుకోగలదు. మీ లెక్క ప్రకారమే 803 కూడా సురక్షితం కాదు.

బిట్‌లెక్క
అవును, కాదు. అందుకే కార్డు మార్చమంటాను. ఇంటెల్ కార్డుకు ఐటీఎల్‌డబ్ల్యూఎమ్ అనే కెక్స్ట్ చాలు, సిస్టమ్ విభాగాన్ని మార్చే రూట్ ప్యాచ్ అక్కరలేదు. మార్చలేని వాళ్లకు 803 అనివార్యం, ఎఫ్ఎఫ్ఎఫ్ మాత్రం ఎవరికీ అనివార్యం కాదు.

అట్లాంటా_తెలుగు
ఇంత చర్చ అనవసరం. ఆపిల్ బ్రాండు లేని కంప్యూటర్‌లో పెట్టకూడదని లైసెన్సులోనే ఉంది. సైస్టార్ అనే సంస్థ మ్యాక్‌ఓఎస్ వేసి కంప్యూటర్లు అమ్మితే 2008లో ఆపిల్ దావా వేసింది. 2009లో ఆపిల్ గెలిచింది, 2011లో అప్పీలు కోర్టు కూడా ఆ తీర్పునే నిలబెట్టింది. సొంతానికి నేర్చుకోవడం ఒకటి, డబ్బు తీసుకుని అమ్మడం ఇంకొకటి.

స్టూడియోసాయం
అమ్మడం గురించి ఎవరు మాట్లాడారు? కంప్యూటర్ వాళ్లది, డిస్కు వాళ్లది. నేను తీసుకునేది నా పనికి కూలి. అమెరికాలో కూర్చుని, జీతం నుంచి మ్యాక్‌బుక్ కొనుక్కుని ఇక్కడి వాళ్లకు లైసెన్సు పాఠం చెప్పడం తేలిక. ఫైనల్ కట్ తెలిసిన కుర్రాడికి స్టూడియోలో ఉద్యోగం ఉంది, తెలియకపోతే లేదు. ఆ కుర్రాళ్లు ఎవరి దగ్గరకు వెళ్లాలి?

బిట్‌లెక్క
నాకు లైసెన్సుతో పేచీ లేదు. నేనూ హ్యాకింటాష్ వాడేవాడినే. కానీ ఎలా చేసి ఇస్తున్నారన్నదే నా పేచీ. ఎందుకో చెబుతాను.

మా అక్క కూతురు డిగ్రీ చదువుతూ చిన్న చిన్న ఎడిటింగ్ పనులు చేసేది. మా ఊళ్లో ఒక దుకాణంలో సొనోమా వేయించుకుంది. ఆ కంప్యూటర్ నా చేతికి వచ్చేసరికి ఎఫ్ఎఫ్ఎఫ్, గేట్‌కీపర్ మాస్టర్ డిజేబుల్, ఫైల్‌వాల్ట్ (డిస్కు ఎన్‌క్రిప్షన్) లేదు. పాస్‌వర్డు ఒకే ఒక్క అంకె, అది కూడా దుకాణం వాళ్లు పెట్టిందే. తను ఎక్కడో ఉచితంగా దొరికిన ట్రాన్సిషన్ ప్లగిన్ ఒకటి వేసుకుంది, అది పాస్‌వర్డు అడిగింది, ఇచ్చింది. వారం తిరక్కుండా మెయిల్ ఖాతా పోయింది. దాంతోపాటు కస్టమర్ల ఫోటోలు దాచిన డ్రైవ్ పోయింది. ముగ్గురు కస్టమర్లు ఇంటికి వచ్చి మా అక్కను నిలదీశారు. దుకాణానికి వెళ్లి అడిగితే "మీ అమ్మాయి ఏదో కిందకు దించుకుంది, మాకేం సంబంధం" అన్నారు.

స్టూడియోసాయం
ఆ పిల్లకు జరిగింది చాలా అన్యాయం. అయినా ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోవద్దు. ఎస్‌ఐపీ పూర్తిగా ఉన్నా అదే జరిగేది కదా? పాస్‌వర్డు తనే ఇచ్చింది. ఎస్‌ఐపీ కాపాడేది సిస్టమ్ ఫైళ్లను, బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డులను కాదు. అసలు మ్యాక్ కొన్నా ఆ మెయిల్ పోయేదే. దాన్ని తెచ్చి నా ఎఫ్ఎఫ్ఎఫ్ మీద వేస్తే ఎలా?

పాతమానిటర్
ఆ మాట నిజం. గేట్‌కీపర్ ఉండి ఉంటే కనీసం ఒక హెచ్చరిక వచ్చేది.

స్టూడియోసాయం
హెచ్చరిక వస్తే కస్టమర్లు నాకు ఫోను చేస్తారు. రాత్రి పదకొండింటికి చేస్తారు. "ఇదేదో తెరవనంటోంది, నువ్వు పాడుచేశావు" అంటారు. 2024లో మ్యాక్‌ఓఎస్ సెక్వోయా వచ్చాక కంట్రోల్ నొక్కి తెరిచే దారి కూడా మూసేశారు, సెట్టింగ్స్‌లోకి వెళ్లి అనుమతించాలి. ఇది ప్రతి ఒక్కరికీ ఎన్నిసార్లు చెప్పను? మీ అందరికీ ఇది సరదా. నాకు ఇది ఇంటి అద్దె. ఒక యంత్రం తిరిగి వస్తే ఆ రోజు కూలి పోయినట్టే. అందుకే ఒకేసారి అన్నీ తెరిచి ఇస్తాను, ఎవరూ తిరిగి రారు.

బిట్‌లెక్క
ఇదిగో, ఇప్పుడు వచ్చింది అసలు మాట. ఇంతసేపూ కెక్స్ట్‌ల కోసం అన్నారు, తర్వాత వైఫై కోసం అన్నారు. ఎఫ్ఎఫ్ఎఫ్ పెట్టింది మీకు ఫోను రాకుండా ఉండడానికి!

స్టూడియోసాయం
అవును, దానికోసమే. తప్పా? నా వేళ ఎవరు కొంటారు? మీరు ఒక్క యంత్రాన్ని ముద్దుగా చూసుకుంటారు. నేను ముప్పై యంత్రాలకు జవాబు చెప్పాలి.

బిట్‌లెక్క
మీరు జవాబు చెప్పడం లేదు కదా, అదే నా బాధ. మెయిల్ ఎస్‌ఐపీ వల్లే పోయిందని నేను ఎక్కడా అనలేదు, పైకి వెళ్లి చదవండి. కంప్యూటర్‌లో ఏమేం తెరిచి ఇచ్చారో ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. మ్యాక్ అంటే వైరస్ రాదని చెప్పి ఇచ్చారు. ఆ మాట నమ్మే పాస్‌వర్డు కొట్టింది. మీ కస్టమర్లలో ఒక్కరికైనా "నీ కంప్యూటర్‌లో ఫలానా రక్షణ లేదు, దొంగ ప్లగిన్లు వేయకు" అని చెప్పారా?

స్టూడియోసాయం
చెబితే పక్క దుకాణానికి వెళ్తాడు. అక్కడ ఇదే పని చేసి, "అంతా సేఫ్ బాబూ" అని పంపిస్తారు. నష్టం నాకొక్కడికే.

వరండా
ఇద్దరూ కెక్స్ట్‌ల మీద ఇంతసేపు వాదించుకోనవసరం లేదేమో. ఒకరు యంత్రం గురించి, ఒకరు మనిషి గురించి మాట్లాడుతున్నారు.

బిట్‌లెక్క
వరండా గారూ, నేను రెంటి గురించీ మాట్లాడుతున్నాను. సొంత యంత్రంలో ఎవరు ఎఫ్ఎఫ్ఎఫ్ పెట్టుకున్నా నాకు అభ్యంతరం లేదు. తెలిసి తీస్తున్నారు, తెలిసి భరిస్తారు. తెలియని వాళ్ల చేతికి ఇచ్చేటప్పుడు కనీసం 803 దగ్గర ఆగాలి, గేట్‌కీపర్ ఉంచాలి, పాస్‌వర్డు వాళ్లచేత పెట్టించాలి. ఈ మూడింటికీ పది నిమిషాలు పట్టదు.

స్టూడియోసాయం
పాస్‌వర్డు వాళ్లచేతే పెట్టిస్తాను, అది ఒప్పుకుంటాను. వచ్చే యంత్రం నుంచి 803 పెడతాను, వైఫైకి అది చాలినంత వరకు. గేట్‌కీపర్ మాత్రం ఉంచను. ఆ రాత్రి ఫోన్లు మీరు తీయరు కదా.

బిట్‌లెక్క
గేట్‌కీపరే ముఖ్యం. ఆ మూడింటిలో ఒక్కటే ఉంచాలంటే నేను దాన్నే ఉంచుతాను.

ఉదయరాగం
డిలీట్ విభాగంలో చేర్చాక విలువ మారింది, ధన్యవాదాలు. 803 పెట్టాక స్టేటస్ "అన్‌నోన్, కస్టమ్ కాన్ఫిగరేషన్" అంటోంది. ఇది సరైనదేనా?

వరండా
సరైనదే. పూర్తిగా ఆన్, పూర్తిగా ఆఫ్ కాని ఏ విలువకైనా అలాగే చూపిస్తుంది. కింద ఒక్కో రక్షణ పేరు ఎదురుగా ఉన్నది చదువుకోండి.

స్టూడియోసాయం
బిట్‌లెక్క గారూ, గేట్‌కీపర్ ఉంచి, నేను ముందే వేసి ఇచ్చే ప్లగిన్లకు మాత్రం అనుమతి ఇచ్చే దారి ఉందా? టెర్మినల్‌లో ఒక్క ఆదేశంతో అయ్యేది కావాలి. యంత్రానికి అరగంట పట్టే పద్ధతి అయితే వద్దు.

బిట్‌లెక్క
ఉంది. మీరు నమ్మిన ఆ ఫైళ్ల మీద, ఇంటర్నెట్ నుంచి దించినప్పుడు పడే క్వారంటైన్ గుర్తు తీసేయండి. ఎక్స్‌అట్ఆర్ ఆదేశానికి మైనస్ డీ ఇచ్చి, కామ్.ఆపిల్.క్వారంటైన్ అని రాసి, ఫైలు దారి చూపితే చాలు. ఫోల్డరు మొత్తానికైతే మైనస్ డీఆర్. మిగతా అన్నింటికీ గేట్‌కీపర్ అలాగే కాపలా ఉంటుంది. ఏ ప్లగిన్లో పేర్లు పెట్టండి, స్క్రిప్టు రాసి ఇస్తాను.